టేకు ఆకు తూట్లు పడితే మందు కొట్టాలా, నిప్పు పెట్టాలా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. మా గ్రామసభకు హక్కు పత్రం వచ్చిన అడవిలో టేకే ఎక్కువ. వానలు వెనకపట్టే వేళకు ఆకులన్నీ జల్లెడలా తూట్లు పడి, దూరం నుంచి చూస్తే అడవి మాడిపోయినట్టు కనిపిస్తున్నది. మందు కొట్టించాలని యువకులు, రాలిన ఆకు తగలబెడితే పురుగు చస్తుందని పెద్దలు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా పురుగును గుర్తించండి. ఒక ఆకు కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సన్నని ఈనెలు కూడా వలలా మిగిలి, వాటి మధ్య ఉండే పచ్చని పదార్థం మాత్రమే పోయి, ఆకు మీద పలుచని గూడు, అందులో చిన్న గొంగళిపురుగు కనిపిస్తే అది వానాకాలం చివర ముదురాకును తినే పురుగు. లేతాకు మీద పడి, పెద్ద ఈనెలు తప్ప అంతా మేసేసే పురుగు వేరు. అది వానాకాలం మొదట్లో వస్తుంది. కేరళ అటవీ పరిశోధన సంస్థ నీలంబూరులోని లేత టేకు తోటల్లో పరిశీలించినప్పుడు, ఈ రెండో పురుగు వల్ల కలప పెరుగుదలలో సుమారు 44 శాతం నష్టపోయినట్టు తేలింది. మీరు చెప్పిన కాలాన్ని బట్టి మీ అడవిలో ఉన్నది మొదటిదే కావచ్చు. మరికొద్ది నెలల్లో ఎలాగూ రాలిపోయే ఆకును అది తింటుంది కనుక చెట్టుకు ప్రాణభయం లేదు. వేసవి దాటి చిగురు వేసినప్పుడు మీరే చూస్తారు.

అందువల్ల మందు అవసరం లేదు. అంత ఎత్తు చెట్ల మీద కొట్టిన మందు తేనెటీగలనూ, గొంగళిపురుగులలో గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న కందిరీగలనూ, చివరకు వాగు నీటినీ పాడు చేస్తుంది.

ఇక నిప్పు సంగతి. ఈ పురుగు ప్యూపా దశలో, అంటే గొంగళి రెక్కల పురుగుగా మారే దశలో, రాలిన ఆకుల్లో ఉంటుందన్నది నిజమే, కనుక పెద్దల మాట ఊరికే పుట్టినది కాదు. అయినా నిప్పు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. రెక్కల పురుగు పక్క అడవి నుంచి మళ్ళీ ఎగిరి వస్తుంది; కాలిపోయిన మొలకలు మాత్రం తిరిగి రావు. అంతకన్నా పెద్ద కీడు మొదలు దగ్గర జరుగుతుంది. ఏటవాలు నేల మీద ఆకు చెట్టుకు ఎగువ పక్కన పోగుపడుతుంది, మంట అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది, బెరడు చిట్లి కర్ర బయటపడుతుంది. ఆ గాయం గుండా శిలీంధ్రం లోపలికి దిగి చేవను కుళ్ళబెడుతుంది. పైకి ఆకు నిండుగా ఉంటుంది, గొడ్డలి తిరగేసి తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. ఆకు తిన్న పురుగు ఒక ఏడాది పెరుగుదలను తగ్గించవచ్చు గాని, చేవకుళ్ళుకు మందు లేదు. తునికాకు చిగురు కోసమో, ఇప్పపువ్వు ఏరడానికి వీలుగానో పెట్టే నిప్పు కూడా ఇదే పని చేస్తుంది. ఇప్పచెట్ల కింద ఆకు ఊడ్చి తీసేస్తే చాలు. వేసవికి ముందే ఫైర్‌లైన్లు, అంటే మంట దాటకుండా ఆకు, గడ్డి తీసి ఉంచే ఖాళీ బాటలు, శుభ్రం చేయించండి. వంటచెరకు కోసం కొమ్మను చీల్చి లాగకుండా, మోడు మిగల్చకుండా నున్నగా కోయించండి, ఎందుకంటే గొడ్డలి గాయం కూడా శిలీంధ్రానికి దారి ఇస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షను అడవిని కాపాడే అధికారం గ్రామసభకు కూడా ఇచ్చింది కనుక, నిప్పు పెట్టరాదని తీర్మానం చేసుకోవచ్చు.

ప్రశ్న: మా పొలం గట్టు మీది ఇప్పచెట్లకు బదనిక పట్టింది. చేత్తో పీకినా మళ్ళీ వస్తున్నది. (అహేరి తాలూకా పాఠకురాలు)

జవాబు: బదనిక కొమ్మ లోపలికి చొచ్చుకొని చెట్టు పీల్చిన నీటిని పంచుకుంటుంది, కనుక పైన పీకినా లోపలి భాగం మిగిలి మళ్ళీ మొలుస్తుంది. అది అతుక్కున్న చోటికి ఒక అడుగు దిగువన, చెట్టు మొదలు వైపు, కొమ్మనే కోసేయాలి. ఇప్ప ఆకు రాల్చిన రోజుల్లో బదనిక ఒక్కటే పచ్చగా నిలుస్తుంది కనుక ఒక్కటి కూడా తప్పిపోదు. పండ్లు పక్వానికి రాకముందే కోయండి. ఆ పండు తిన్న పిట్టలు జిగురు గింజను పక్క కొమ్మకు అంటిస్తాయి. పెద్ద మాను మీదే పట్టితే మానును చెక్కవద్దు, మొలిచినప్పుడల్లా బదనికను మాత్రం నరుకుతూ ఉండండి. ఇరుగుపొరుగు గట్ల వారు కూడా అదే వేసవిలో కోయకపోతే పిట్టలు మళ్ళీ మీ చెట్టుకు తెస్తాయి కనుక, వారిని కూడా కలుపుకోండి.