అన్నిటా ముందున్న దేశం మన దగ్గర ఏం కొంటుంది?

ప్రశ్న: మనం తయారుచేసే ప్రతి వస్తువునూ మనకంటే తక్కువ శ్రమతో తయారుచేయగల దేశం ఉందనుకుందాం. ఆ దేశం మన దగ్గర ఎందుకు కొంటుంది? దాని సరుకులను రానిస్తే మన పరిశ్రమలన్నీ మూతపడవా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అర్థశాస్త్రంలోని అతి గొప్ప ఆలోచనల్లో ఒకటి ఈ సందేహానికి సమాధానంగానే నిలిచింది. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ధనవంతుడై, ఆ తరువాత అర్థశాస్త్రం వైపు మళ్లిన డేవిడ్ రికార్డో 1817లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని ఒక చిన్న లెక్కతో వివరించాడు. విదేశీ గోధుమల దిగుమతిని అడ్డుకుంటూ 1815లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ధాన్య చట్టంపై వాదోపవాదాలు సాగుతున్న రోజులవి. రికార్డో ఆ చట్టానికి గట్టి వ్యతిరేకి.

ఆ లెక్క ఊహించినదే. కొంత వస్త్రం నేయడానికి ఇంగ్లండులో ఏడాదికి 100 మంది, కొంత వైన్ తీయడానికి 120 మంది కావాలి. అదే వస్త్రానికి పోర్చుగల్‌లో 90 మంది, అదే వైన్‌కు 80 మంది చాలు. అంటే రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ 80 మందితో వైన్ తీసి, దానికి బదులుగా ఇంగ్లండు వస్త్రం తీసుకుంటే, స్వయంగా నేయడానికి పట్టే 90 మంది శ్రమలో 10 మంది శ్రమ మిగులుతుంది. ఇంగ్లండు 100 మందితో వస్త్రం నేసి వైన్ తెచ్చుకుంటే 20 మంది శ్రమ మిగులుతుంది. కొత్త యంత్రమేదీ రాలేదు, ఎవరూ అదనంగా పనిచేయలేదు, అయినా రెండు దేశాలూ లాభపడ్డాయి. ఈ లెక్కను ఒకసారి కాగితం మీద స్వయంగా వేసి చూడమని నా మనవి.

దీని కీలకం ఏమిటంటే, చూడవలసింది ఎవరు ఎక్కువ సమర్థులన్నది కాదు, ఒక వస్తువు కోసం ఎవరు ఎంత వదులుకుంటున్నారన్నది. అంత వస్త్రం కోసం పోర్చుగల్ 90 మందిని వైన్ పని నుంచి తప్పిస్తే ఆ వైన్‌కన్నా ఎనిమిదో వంతు ఎక్కువే పోగొట్టుకుంటుంది. ఇంగ్లండు పోగొట్టుకునేది ఆ వైన్‌లో ఆరింట అయిదు వంతులే. మన పాఠ్యపుస్తకాలు దీన్ని తులనాత్మక వ్యయ సిద్ధాంతం అంటాయి.

మూతపడటం గురించి మీ భయం మాత్రం పూర్తిగా నిరాధారం కాదు. దేశం మొత్తానికి లాభం కలుగుతుందని చెప్పే ఈ లెక్క, పోర్చుగల్ నేతపనివారు మరునాడే ద్రాక్షతోటల్లో పని సంపాదించుకోగలరా అన్నది చెప్పదు. పైగా పెట్టుబడి సులువుగా దేశం దాటిపోదన్న భావన మీద రికార్డో వాదం నిలబడింది. నేడు అది దాటిపోతోంది. అందువల్ల దిగుమతులను అనుమతించే ప్రభుత్వం, పని కోల్పోయేవారికి కొత్త నైపుణ్యాన్ని, ఆ మధ్యకాలానికి జీవనాధారాన్ని కల్పించే బాధ్యతను కూడా స్వీకరించాలని నా దృఢమైన అభిప్రాయం.