విశ్వాసం వదిలితే భర్తను, బిడ్డను, ఆస్తిని కూడా వదులుకోవాలా?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. మాది పశ్చిమ గోదావరి జిల్లా. తాతల కాలం నుంచీ మేము ఒక క్రైస్తవ ప్రార్థన సంఘంలో ఉన్నాం. అక్కడ నగ పెట్టుకోకూడదు, సినిమా చూడకూడదు. జబ్బు చేస్తే మందు మింగకూడదు, ప్రార్థనే చేయాలి. మూడేళ్ల క్రితం మా అమ్మ షుగర్ మాత్రలు మానేసి చనిపోయింది. ‘ఆమె విశ్వాసం చాలలేదు’ అని పెద్దలు సమాధి దగ్గరే అన్నారు. ఆ రోజు మొదలైన ప్రశ్నలు నాలో ఇంకా ఆగలేదు. స్వస్థత గురించి, నరకం గురించి, బయటివాళ్లందరూ నశించిపోతారన్న బోధ గురించి అడిగాను. అడగడమే పాపమన్నారు. ఏడాదిన్నరగా నేను ఆరాధనకు వెళ్లడం లేదు. ఒక ఆదివారం అందరి ముందు నా పేరు చదివి వెలివేశారు. నాతో కలిసి భోజనం చేయవద్దని చెప్పారు. నా భర్త సంఘంలోనే ఉన్నారు. ‘అవిశ్వాసితో కాపురం చెల్లదు, విడాకులు తీసుకుంటాను, పాప నా దగ్గరే ఉంటుంది’ అంటున్నారు. పాపకు తొమ్మిదేళ్లు, ఉబ్బసం ఉంది. ‘నీకు సెంటు భూమి కూడా రాదు’ అని నాన్న, తిరిగి రాకపోతే దేవుని చెయ్యి నా బిడ్డ మీద పడుతుందని పెద్దలు బెదిరిస్తున్నారు. నా అనుభవం రాయాలని ఉంది. రాస్తే కేసు పెడతారట. నాకు బీసీ–సీ ధ్రువపత్రం ఉంది. ఇప్పుడు నేను ఏ మతస్థురాలిని?

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. మిగిలినవన్నీ వారం ఆగినా ఫర్వాలేదు. ఉబ్బసం ఆగదు.

వయసు వచ్చిన మనిషి తన ఒంటికి మందు వద్దనుకుంటే చట్టం బలవంతంగా మింగించలేదు. మీ అమ్మగారి విషయంలో ఎవరూ ఏమీ చేయలేకపోవడానికి అదే కారణం. బిడ్డ విషయం అలా కాదు. తన సంరక్షణలో ఉన్న బిడ్డకు అనవసరమైన బాధ కలిగేలా కావాలని నిర్లక్ష్యం చేస్తే, అలా చేసింది కన్నతండ్రే అయినా, బాలల న్యాయ చట్టం (2015) 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ‘నా విశ్వాసం’ అన్నది అక్కడ జవాబు కాదు. డాక్టరు చీటీలు, మందుల రసీదులు ఒకచోట దాచండి. పీల్చే మందు ఒకటి ఇంట్లో, ఇంకొకటి బడి సంచిలో ఉంచి, క్లాసు టీచరుకు చెప్పండి. ఎవరైనా అడ్డుపడితే బాలల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. భర్త మీద ఫిర్యాదు చేస్తున్నానేమోనన్న సంకోచం వద్దు. ఊపిరి అందని బిడ్డ కోసం చేసే ఫోన్ అది.

ఇక కాపురం. మీరు క్రైస్తవ వివాహం చేసుకున్నారు కాబట్టి విడాకులకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. అందులోని 10వ సెక్షన్‌లో మతానికి సంబంధించిన కారణం ఒకటి ఉంది. దాని మాటలను జాగ్రత్తగా చదవాలి: భర్తగానీ భార్యగానీ ‘వేరే మతంలోకి మారి’ క్రైస్తవులుగా ఉండడం మానేసి ఉండాలి. ఒక ఇల్లు వదలడమే కాదు, మరో ఇంట్లో అడుగుపెట్టాలి. మీరు ఏ ఇంట్లోనూ అడుగుపెట్టలేదు. సందేహించడం, ఆరాధన మానడం, దేవుడు ఉన్నాడో లేడో తెలియదనడం మతమార్పిడి కాదు. కాపురం దానంతట అదే చెల్లకుండా పోయే ప్రశ్నే లేదు. మీ పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుకు ఉంది, సంఘ పెద్దలకు లేదు.

క్రూరత్వం పేరుతో ఆయన దావా వేయవచ్చు. ఆదివారం కూడికకు వెళ్లకపోవడం ఒక్కదాన్నే క్రూరత్వమని నిలబెట్టడం కష్టం. కానీ మీరు కోపంలో ఇల్లు వదిలి పుట్టింటికో స్నేహితురాలి ఇంటికో వెళ్లి రెండేళ్లు గడిపితే, విడిచివెళ్లిందన్న కారణం ఆయన చేతికి మీరే అందించినట్టవుతుంది. అందుకే ప్రాణభయం లేనంతవరకు ఇల్లు కదలవద్దంటున్నాను. కొట్టినా, గెంటేసినా సంగతి వేరు. 2005 నాటి గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ, ఏ మతమూ లేని స్త్రీలకూ వర్తిస్తుంది. ఇల్లు ఆయన పేరున ఉన్నా, అద్దెదైనా అందులో ఉండే హక్కు 17వ సెక్షన్ మీకిచ్చింది. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేస్తే రక్షణాధికారి దగ్గరకు దారి చూపిస్తారు.

ఒక మాట కోర్టుకు కాదు, ఇంటికి పనికొస్తుందని చెబుతున్నాను. మీ భర్త నమ్మే గ్రంథంలోనే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, అవిశ్వాసురాలైన భార్య కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టకూడదని ఉంది. మీకు ఇప్పుడు ఆ గ్రంథం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆయనకు ఉంది. పెద్దలు లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు ఆ మాట గుర్తుచేయండి.

పాప ఎవరి దగ్గర ఉండాలన్నది 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం కుటుంబ న్యాయస్థానమో జిల్లా కోర్టో తేలుస్తుంది. ఆ చట్టం 17వ సెక్షన్‌లో ‘మైనరు మతం’ అన్న మాట ఉంది. ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటారు, భయపడకండి. వయసు, సంరక్షకుల గుణం, సామర్థ్యం, బిడ్డ ఇష్టం మొదలైన వాటితో పాటు పరిశీలించవలసిన అంశాల్లో అదొకటి, అంతే. అన్నిటికీ పైన ఉన్నది బిడ్డ సంక్షేమం. 1973లో రోసీ జాకబ్ కేసులో, అదీ ఒక క్రైస్తవ దంపతుల వ్యాజ్యమే, బిడ్డలు తల్లిదండ్రుల సొత్తూ కాదు, ఆటబొమ్మలూ కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మందు ఇప్పించే తల్లి, మందు వద్దనే తండ్రి ఎదురెదురుగా నిలబడినప్పుడు సంక్షేమం అన్న మాట ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు. అయితే మీ వైపు నుంచి ఒక జాగ్రత్త కావాలి. తండ్రితో కూడికకు వెళతానని పాప అంటే అడ్డుకోకండి. ఆమె ముందు ఆయన నమ్మకాన్ని తూలనాడకండి. జడ్జి పాపను గదిలోకి పిలిచి మాట్లాడతారు. ఎవరు తనను ఎటు లాగుతున్నారో పిల్లలు దాచలేరు. పైగా, మీ ప్రశ్నలు మీకు మీ అనుభవంలోంచి వచ్చాయి. ఆమెవి ఆమెకు రావాలి.

ఆస్తి దగ్గర మీకు ఇష్టం లేని మాట చెప్పాలి. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. హిందూ ఉమ్మడి కుటుంబంలో లాగా పుట్టుకతో వచ్చే వాటా అందులో లేదు. మీ నాన్న తన ఆస్తి మొత్తాన్ని మీ తోబుట్టువులకో సంఘానికో వీలునామా రాయవచ్చు. మీరు విశ్వాసంలో కొనసాగి ఉన్నా ఆయనకు ఆ స్వేచ్ఛ ఉండేదే. వీలునామా రాయకుండా పోతే మాత్రం బిడ్డలందరికీ సమాన వాటా. అక్కడ వారసుల నమ్మకం ఏమిటని చట్టం అడగదు. మతం వదిలినందుకో వెలికి గురైనందుకో వారసత్వం పోదని 1850లోనే, కంపెనీ పాలనలోనే, ఈ దేశంలో చట్టం చేశారు.

మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. అమ్మగారి పేరున ఏమైనా భూమి, ఇంటి స్థలం, బ్యాంకు డబ్బు ఉన్నాయా? వీలునామా లేకుండా ఆమె పోయి ఉంటే, అందులో మూడో వంతు మీ నాన్నకు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానంగా ఆ రోజే సంక్రమించాయి. మీ వాటాను నాన్న ఎవరికీ రాయలేరు. హక్కు విడుదల దస్తావేజు, అంటే మీ వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం మీద సంతకం పెట్టమని అడిగితే, ఎంత దగ్గరివాళ్లు అడిగినా పెట్టకండి.

వెలి విషయంలో చట్టం చేయగలిగింది తక్కువ. బొంబాయి రాష్ట్రం 1949లో వెలి నిషేధ చట్టం చేసింది. ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాల మతపెద్ద దాన్ని సవాలు చేస్తే, 1962లో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే మరోవైపుగా, ఆ చట్టాన్ని కొట్టేసింది. సభ్యులు ఎవరో తేల్చుకోవడం రాజ్యాంగం 26వ అధికరణం కింద మతశాఖ స్వేచ్ఛ అన్నది. ఆ తీర్పును తిరిగి పరిశీలించాలని 2023లో విస్తృత ధర్మాసనానికి నివేదించారు. సాంఘిక బహిష్కారం మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసుకుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటిది లేదు. ఇది నాకు బాధ కలిగించే లోటు. ప్రభువు బల్ల దగ్గర మీకు చోటివ్వమని ఏ కోర్టూ ఆదేశించదు. మీతో కూర్చుని అన్నం తినమని మీ వదినను ఏ జడ్జీ ఒప్పించలేరు. కానీ దారికి అడ్డంగా నిలబడితే, ఉద్యోగం పోగొడతామని బెదిరిస్తే, ఇంటి చుట్టూ తిరిగితే అవి మామూలు నేరాలే. మత స్వేచ్ఛ వాటికి ముసుగు కాదు.

‘దేవుని చెయ్యి నీ బిడ్డ మీద పడుతుంది’ అన్న మాటకు చట్టంలో ఒక సెక్షన్ ఉందని చాలామందికి తెలియదు. భారతీయ న్యాయ సంహిత 354, పాత శిక్షాస్మృతిలో 508. తాను చేసే ఏదో పని వల్ల ఎదుటివారు గానీ వారికి కావలసినవారు గానీ దైవాగ్రహానికి గురవుతారని నమ్మించి, ఇష్టం లేని పని చేయిస్తే ఏడాది దాకా జైలుశిక్ష. ఇక్కడొక మెలిక ఉంది. ‘పాపికి శిక్ష తప్పదు’ అన్నది బోధ, దాన్ని నేరమనలేం. ‘నువ్వు రాకపోతే నేను ఉపవాసముండి నీ బిడ్డకు వ్యతిరేకంగా ప్రార్థిస్తాను’ అన్నది బెదిరింపు. ఏ మాట, ఎవరు, ఏ తేదీన అన్నారో పుస్తకంలో రాసి పెట్టుకోండి.

మీ ఉత్తరంలో నా మనసు ఎక్కువసేపు నిలిచిన చోటు ‘రాయాలని ఉంది’ అన్న వాక్యం. రాయండి. కేసు పెడతామని వాళ్లు అనేది బహుశా న్యాయ సంహిత 299వ సెక్షన్ గురించి, అంటే పాత 295-ఏ. 1927లో వచ్చిన ఆ సెక్షన్ మతాన్ని ప్రశ్నించడాన్ని శిక్షించదు. ఒక వర్గం మత భావాలను గాయపరచాలన్న బుద్ధిపూర్వకమైన, దురుద్దేశపూర్వకమైన అవమానాన్ని శిక్షిస్తుంది. ఆ తేడాను సుప్రీంకోర్టు 1957లోనే రాంజీలాల్ మోదీ కేసులో గీత గీసి చెప్పింది. మన అనంతపురం కోర్టులోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఒక పత్రిక ముఖచిత్రంపై క్రికెటర్ ధోనీని విష్ణువు రూపంలో వేస్తే, ఇదే సెక్షన్ కింద అక్కడ ఫిర్యాదు వేశారు, వారంటు కూడా జారీ అయింది. 2017లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఈ నేరాన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు విచారణకు స్వీకరించకూడదు కూడా. అయినా కేసు నిలవకపోవడం వేరు, కేసు పెట్టకపోవడం వేరు. స్టేషన్ మెట్లు ఎక్కించడమే శిక్ష అనుకునేవాళ్లు ఉంటారు. పోలీసులు పిలిస్తే రాతపూర్వక నోటీసు అడగండి, వకీలు లేకుండా వెళ్లకండి.

రాసేటప్పుడు బోధను ప్రశ్నించండి, మనుషులను ఎగతాళి చేయకండి. స్వస్థత బోధ మీ ఇంట్లో ఏం చేసిందో మీరు చూసింది చూసినట్టు రాయండి. వినికిడి మాటలు, ఫలానా పెద్ద డబ్బు తిన్నాడన్న ఊహలు వద్దు. పరువు నష్టం సెక్షన్‌కు (356) మొదటి మినహాయింపు ప్రజాహితం కోసం చెప్పిన నిజం. నిజాన్ని మీరు రుజువు చేసుకోగలగాలి. గ్రంథాన్ని చించడం, కాల్చడం లాంటి పనులు పొరపాటున కూడా చేయవద్దు.

చివరగా, మీరు ఏ మతస్థురాలు? ఏదో ఒకటి అయి తీరాలని చట్టం అనదు. రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని అవలంబించే స్వేచ్ఛ కన్నా ముందు ‘అంతరాత్మ స్వేచ్ఛ’ అన్న మాట ఉంది. 1986లో జాతీయగీతం పాడనందుకు బడి నుంచి పంపేసిన ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలను జస్టిస్ చిన్నపరెడ్డి ఆ అధికరణాన్ని కూడా ఆధారం చేసుకుని తిరిగి బడికి పంపారు. వాళ్లు నమ్మడానికి దొరికిన అండ, మీరు నమ్మకపోవడానికీ అక్కడే దొరుకుతుంది. ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు పౌరులకు ఉందని బొంబాయి హైకోర్టు 2014లో తీర్పిచ్చింది. జనన ధ్రువపత్రం దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి పెట్టాలని తెలంగాణ హైకోర్టు 2023లో ఆదేశించింది.

కానీ తొందరపడి ఫారాలు మార్చకండి. మీ బీసీ–సీ ధ్రువపత్రం క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాల వారికి, వారి సంతతికి ఇచ్చేది. క్రైస్తవం వదిలినంత మాత్రాన ఎస్సీ హోదా రాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారినే ఎస్సీలుగా గుర్తిస్తుంది. ఏదో ఒక గుడిలో కాగితం తీసుకుని ఎస్సీ పత్రం తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లు మీకు తప్పక తారసపడతారు. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారినట్టు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది. ఒక నమ్మకం నిజాయితీగా వదిలిన మీరు, మరో నమ్మకాన్ని నటించవద్దు.

స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా మీ దగ్గరి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు పెళ్లి ధ్రువపత్రం, పాప చీటీలు తీసుకెళ్లండి. అమ్మగారి షుగర్ పరీక్షల కాగితాలు ఇంకా ఇంట్లో ఎక్కడైనా ఉంటే, వాటిని కూడా.