ఒకే గబ్బిలానికి రెండు హోదాలు ఎందుకు?
జపాన్, తైవాన్ దీవుల్లో బతికే ర్యూక్యూ పండ్ల గబ్బిలం ఒక జాబితాలో ‘అపాయానికి లోనయ్యే’ జాతిగానూ, మరొకదానిలో ‘అంతరించే తీవ్ర ప్రమాదంలో’ ఉన్నదిగానూ కనిపిస్తోందనీ, మీ పట్టికలో ఏది రాయాలో తేలడం లేదనీ అడిగారు. రెండూ సరైనవే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాతి మొత్తాన్ని ఒక్కటిగా లెక్కించి మొదటి హోదా ఇచ్చింది; జపాన్ పర్యావరణ మంత్రిత్వ శాఖ ఉపజాతులను విడివిడిగా పరిశీలించి, ఐదింటిలో ఎరాబు, దైతో గబ్బిలాలకు రెండవది ఇచ్చింది.

ఉపజాతుల మధ్య ఈ తేడా నిజమైనదే. ఒకినావా ద్వీపపు ఉపజాతి అయిన ఒరీ గబ్బిలం నాహా నగరంలోని చెట్లకు కూడా వస్తుంది. మర్రిజాతి పండును నమిలి, రసం మింగి, పిప్పిని ఉండగా ఉమ్మేస్తుంది కనుక చెట్టు కింద రాలిన ఆ ఉండలే దాని రాకకు ఆనవాలు. దైతో దీవుల్లోనైతే చెరకు సాగు కోసం అడవి నరికేశాక కొన్ని వందలే మిగిలాయి. తైవాన్ ఉపజాతి ల్యూదావ్ ద్వీపంలో వేటవల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

కాబట్టి పట్టికలో ఉపజాతికి ఒక గడి, జాబితా పేరుకూ సంవత్సరానికీ మరొకటి చేర్చండి. తెలుగులో అన్నిటికీ గబ్బిలమనే మాటే చెల్లిపోతుంది కనుక, టెరోపస్ డసిమల్లస్ అనే శాస్త్రీయ నామాన్ని తప్పక రాయండి.