పర్సంటేజీలు తర్వాత, ముందు పిల్లల గొంతు విను

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సగం ఆప్‌లో, సగం క్లాసులో నడిచే స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు ఏపాటిదో తేల్చమని మీ చిత్తూరు కాలేజీవాళ్లు నీకు అప్పజెప్పారని అమ్మ చెప్పింది. తిరుపతిలో ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ని కదా, తోచింది రాస్తున్నా.

ముందుగా ఎవరు ఎన్ని పాఠాలు పూర్తిచేశారో చూపే ఆప్ పర్సంటేజీలు నీ చేతిలో పెడతారు. హాస్టల్లో ఒకడి ఫోను ఇంకొకడు నొక్కినా ఆప్‌కి తెలియదమ్మా. ఫీడ్‌బ్యాక్ ఫారాలూ అంతే, సారు బాగా నవ్విస్తే అయిదుకి అయిదు పడతాయి. శిక్షణ నచ్చిందా, నేర్చుకున్నారా, బయట వాడుతున్నారా, ఫలితం దక్కిందా అని నాలుగు మెట్లలో చూడమని, శిక్షణల ఫలితం ఎలా తేల్చాలో చెప్పిన అమెరికా ప్రొఫెసర్ కర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు. మనవాళ్ల రిపోర్టులు మొదటి మెట్టు మీదే చతికిలబడతాయి.

మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి ప్రతి ఒక్కరి మాటా రికార్డు చేయించు. వాళ్లకి ఒక సందర్భం ఇవ్వు: తిరుపతి స్టేషన్లో దిగిన ఉత్తరాది యాత్రికుడు, కొండ మెట్లు మొదలయ్యే అలిపిరికి దారి అడిగాడనుకో. బట్టీపట్టింది గడగడా అప్పజెప్పేస్తారు. అప్పుడు "మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, నడిచి కొండెక్కగలదా?" అని అడగాలి. అక్కడ గానీ సరుకు బయటపడదు. "త్రీ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ స్టెప్స్ సార్, వెరీ డిఫికల్ట్, బస్ బెటర్" అన్నవాడికి గ్రామర్ లేకపోయినా నేనైతే ధారాళంగా మార్కులేస్తా. ఎదుటివాడి మాట విని బదులు చెప్పాడు మరి. రెండోసారి ప్రశ్న మార్చు, కష్టం మాత్రం అంతే ఉండాలి. ఏది ముందుదో ఏది వెనుకదో చెప్పకుండా ఇద్దరు లెక్చరర్లకి ఇచ్చి విడివిడిగా మార్కులేయించు. విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడించి చూసే నాలుగూ, అంటే ధార, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ, సరిపోతాయి.

తర్వాత వాచీ పట్టుకుని క్లాసులో వెనక బెంచీలో కూర్చో. 40 మంది ఉన్న గంట క్లాసులో సారే 35 నిమిషాలు మాట్లాడితే, మిగిలినదాంట్లో ఒక్కొక్కరికీ 40 సెకన్లు కూడా రావు. జంటలుగా కూర్చోబెడితే అదే 25 నిమిషాల్లో ఒక్కొక్కరూ పన్నెండేసి నిమిషాలు మాట్లాడొచ్చు. రాత్రి ఆప్‌లో విన్న పాఠాన్నే పొద్దున బోర్డు మీద మళ్లీ చెప్తుంటే మొహమాటపడకుండా రాసెయ్, అది కలిపిన కోర్సు కాదు, రెండుసార్లు చెప్పిన కోర్సు.

మధ్యలో మానేసినవాళ్లకి ఫోన్ చెయ్యడం మర్చిపోకు. డేటా అయిపోయిందా, బస్సు టైము కుదరలేదా, నలుగురిలో నవ్వారని సిగ్గుపడ్డారా? వాళ్లు చెప్పింది మొదటి పేజీలోనే పెట్టు. ప్రిన్సిపాళ్లు రెండో పేజీ తిప్పడం నేనైతే చూళ్లేదు.

ఇట్లు,
మామయ్య