ఆసుపత్రి కాగితంలో ‘బైక్ జారి పడ్డాడు’ అని ఉంది... పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా ఆయనకు 37 ఏళ్లు, తాపీమేస్త్రి. నాలుగున్నర నెలల క్రితం పని నుంచి బైక్ మీద వస్తుంటే మా ఊరి రైతు ట్రాక్టర్ ఎదురొచ్చి గుద్దింది. నడిపింది ఆయన కొడుకు, 16 ఏళ్ల కుర్రాడు. మా ఆయనకు స్పృహ లేదు. ట్రాక్టర్ యజమాని తమ్ముడే నరసరావుపేటలో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కుడికాలికి రాడ్ వేశారు. పోలీసు కేసు పెట్టొద్దని, ఖర్చంతా చూసుకుంటామని పెద్దమనుషుల ముందు ఒప్పుకుని 60 వేలు ఇచ్చారు. అందులో 40 వేలు ఫోన్‌పే చేశారు. కాగితం మీద మా ఇద్దరి సంతకాలు తీసుకున్నారు. ఇప్పుడు ముఖం చాటేస్తున్నారు. మా ఆయన నిచ్చెన ఎక్కలేకపోతున్నారు, ఇద్దరు పిల్లలతో నరకం చూస్తున్నాను. గట్టిగా అడిగితే ‘మా జీతగాడికి లైసెన్స్ ఉంది, వాడు నడిపాడని రాయండి, ఇన్సూరెన్స్ డబ్బులొస్తాయి’ అంటున్నారు. ఆసుపత్రి కాగితాల్లో ‘బైక్ జారి పడి’ అని ఉంది. కేసు వేయడానికి మూడేళ్లు టైముందని ఒకాయన చెప్పారు. నేను వేయొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడొంతులు ట్రాక్టర్ వాళ్లు పెద్దమనుషుల ముందు ఇచ్చిన మాట తప్పిన సంగతే. దాన్ని పట్టుకుని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఏమీ రాదు. మీ కేసును తేల్చేది మీరు చివర్లో రాసి వదిలేసిన ఆ ‘బైక్ జారి పడి’ అన్న మాట. ఇన్సూరెన్స్ వకీలు మొదట చూసేది ఆసుపత్రి కేస్ షీట్. ‘ట్రాక్టర్ తగల్లేదు, తనే పడ్డాడు, నాలుగు నెలలకు కథ అల్లారు’ అంటాడు. ఎఫ్ఐఆర్ కూడా లేదు కాబట్టి ఆ మాటకు బలం వస్తుంది.

అందుకని ముందు తేల్చుకోవాల్సింది, ఆ మాట డాక్టరుకు ఎవరు చెప్పారన్నది. మీ ఆయన స్పృహలో లేరు, మీరు అక్కడ లేరు. ఆసుపత్రి యాక్సిడెంట్ రిజిస్టర్‌లో గాయపడిన మనిషిని తీసుకొచ్చిన వ్యక్తి పేరు రాస్తారు. అక్కడ యజమాని తమ్ముడి పేరు ఉందంటే మీకు ఎదురొచ్చిన కాగితమే మీకు సాయంగా నిలబడుతుంది. తనే పడ్డ మనిషిని ట్రాక్టర్ యజమాని తమ్ముడు ఎందుకు మోసుకొచ్చాడు? రిజిస్టర్ నకలు, పూర్తి కేస్ షీట్, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆ మాటను దిద్దించాలని మాత్రం ఎవరినీ బతిమాలకండి. దిద్దిన రికార్డు మొత్తం కేసును ముంచుతుంది.

రెండోది, మీరు సంతకం పెట్టిన కాగితం. దాంతో హక్కు పోయిందని భయపడుతున్నట్టున్నారు. పోలేదు. పుచ్చుకున్న 60 వేలను ట్రిబ్యునల్ పరిహారంలో మినహాయించవచ్చు, అంతవరకే. ‘మా ట్రాక్టర్ తగిలినందుకు’ అని అందులో రాసి ఉంటే అది యజమాని ఒప్పుకోలు. నకలు దగ్గర పెట్టుకోకుండా సంతకం పెట్టడం మీ తప్పు. ఆ పెద్దమనుషుల్లో ఎవరి ఫోన్‌లోనైనా ఫొటో ఉందేమో ఇవాళే అడగండి. ఫోన్‌పే చేసిన 40 వేలకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి.

ఇక జీతగాడి మాట. దాని జోలికి పోవద్దు. ఆ అబద్ధం కాపాడేది మిమ్మల్ని కాదు, ఆ తండ్రిని. మైనరుకు బండి ఇచ్చినందుకు మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద ఆయనకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. మీరు కోర్టులో తప్పుడు సాక్ష్యం చెబితే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఊరంతా చూసిన ప్రమాదం, ఆ అబద్ధం ఎదుటి వకీలు ప్రశ్నలు వేసే క్రాస్‌లో అరగంట నిలవదు. లైసెన్స్ లేనివాడు నడిపినా బాధితుడికి ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలన్న సూత్రం 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పులో ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అది వర్తించదని కంపెనీలు వాదిస్తున్నాయి. ఆ వాదన నెగ్గినా యజమాని ఇవ్వాల్సిందే. నిజం చెబితే మీకు ఇద్దరు బాకీదారులున్నారు.

మూడేళ్ల మాట ఎవరు చెప్పారో గానీ, 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం 166(3) సెక్షన్ ప్రకారం క్లెయిమ్ పిటిషన్‌కు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే. నాలుగున్నర నెలలు చేతులారా పోగొట్టారు. ఈ గడువు కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వు అంటే తుది తీర్పు కాదు, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. మిగిలిన ఆరు వారాల్లోనే దాఖలు చేయండి.

పోలీసు స్టేషన్‌లో జరిగింది జరిగినట్టు రాసివ్వండి, ఆలస్యం ఎందుకైందో కూడా. తీసుకోకపోతే అదే ఫిర్యాదు జిల్లా ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌ను అనుమానించకూడదని 2011లో రవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్ఐఆర్ కోసం పిటిషన్ ఆపకండి. ప్రమాదం చూసినవాళ్లలో ఇద్దరు సాక్ష్యానికి వస్తారేమో కనుక్కోండి. ట్రాక్టర్ నంబరు ఎం‌పరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉందో తెలుస్తుంది.

60 వేలతో సరిపెట్టుకున్నది ఎంత విలువైనదో మీకు తెలియాలి. మీ ఆయన సంపాదన నెలకు 18 వేలని రుజువైందనుకోండి. 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 25,200. ఏడాదికి 3,02,400. దాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు; 36–40 ఏళ్లకు అది 15, అంటే 45,36,000. పని చేసే శక్తి సగం పోయిందని తేలితే అందులో సగం, 22,68,000. కాలికి డాక్టరు వేసే వైకల్య శాతం ఒకటి, నిచ్చెన ఎక్కలేని మేస్త్రికి పోయిన సంపాదన శాతం మరొకటి. రెండోదే లెక్కలోకి తీసుకోవాలని 2011 రాజ్‌కుమార్ తీర్పు చెబుతోంది. అందుకు మెడికల్ బోర్డు వైకల్య ధ్రువపత్రం, ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్ష్యం, ఆయనకు కూలి ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం, ఉంటే భవన కార్మికుల కార్డు కావాలి. ఇవి లేకుండా పై అంకె ఉత్త అంకె.

పిటిషన్ మీ ఆయన పేరు మీద, ఆయన సంతకంతో పడాలి. ఆయన రాసిస్తే ఆయన తరఫున మీరు వేయొచ్చు. మీరు ఉండే చోటే జిల్లా కోర్టులోని ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ రిజిస్టర్ నకలు వెంట ఉండాలి.