అడగండి, చెబుతాం: నక్షత్రానికి టేపు పట్టేదెలా?

ప్రశ్న: ఫలానా చుక్క పదకొండు కాంతి సంవత్సరాల దూరంలో ఉందని రాస్తారు. వెళ్లి కొలిచొచ్చినవాళ్లెవరూ లేరు కదా, ఈ లెక్క ఎలా తేల్చారు? మేం చేసి చూడగలిగేది ఏమైనా ఉందా?
– డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

జవాబు: కొలిచేది దూరాన్ని కాదు, కోణాన్ని. దూరం లెక్కలో తేలుతుంది. మీ ఏటిగట్టు మీదే చేసి చూడొచ్చు.

అవతలి గట్టున విడిగా కనిపించే కొబ్బరిచెట్టు ఒకటి ఎంచుకోండి. ఇవతల గట్టు తిన్నగా ఉన్నచోట, తాడుతో 3, 4, 5 మీటర్ల భుజాలున్న త్రిభుజం పరవండి. 3, 4 మీటర్ల భుజాలు కలిసేచోట మూలమట్టం వస్తుంది. ఒక భుజం చెట్టుకేసి చూస్తుంటే రెండోది గట్టు వెంబడే పోవాలి. అలా కుదిరేదాకా గట్టు మీద అటూ ఇటూ జరిగి, కుదిరినచోట ఒక గుంజ పాతండి. అక్కణ్నుంచి గట్టు వెంట టేపుతో 100 మీటర్లు కొలిచి రెండో గుంజ పాతండి. నైలాన్ తాడుతో మాత్రం కొలవొద్దు, లాగిన కొద్దీ సాగుతుంది. రెండో గుంజ దగ్గర చెక్క మీద పెద్ద కోణమానిని పెట్టి, మధ్యలో ఒక గుండుసూది, అంచున ఒకటి గుచ్చి, మొదటి గుంజకూ చెట్టుకూ మధ్య కోణం చూడండి. 86 డిగ్రీలు వచ్చిందనుకుందాం. 100 ను టాన్ 86 తో హెచ్చిస్తే 1,430 మీటర్లు. అదీ చెట్టు దూరం.

తంటా ఇక్కడే మొదలవుతుంది. కోణంలో అర డిగ్రీ తేడా పడితే జవాబు 1,271 కావచ్చు, 1,635 కావచ్చు. అదే గుంజల మధ్య 300 మీటర్లు ఉంచితే, అదే అర డిగ్రీ పొరపాటుకు జవాబు 1,370కీ 1,494కీ మధ్యనే ఉంటుంది. పరికరం మారలేదు, ఆధారరేఖ పెరిగిందంతే.

నక్షత్రాల విషయంలో ఆ రేఖను భూమే ఇస్తుంది. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి చూస్తే మనం నిలబడ్డ చోట్ల మధ్య 30 కోట్ల కిలోమీటర్లు. అయినా చాలదన్నట్టే ఉంటుంది. 1838లో బెస్సెల్ అనే జర్మన్ ఖగోళవేత్త 61 సిగ్ని అనే చుక్కకు కొలిచిన పారలాక్స్ (మనం చోటు మారితే చుక్క జరిగినట్టు కనిపించే కోణంలో సగం) ఒక ఆర్క్ సెకనులో మూడో వంతు కూడా లేదు. (ఒక డిగ్రీలో 3,600 ఆర్క్ సెకన్లు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న నాణేన్ని ఇంచుమించు 4 కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే ఒక ఆర్క్ సెకను.) నేటి విలువ 0.286. పారలాక్స్ సరిగ్గా ఒక ఆర్క్ సెకనైతే దూరం 3.26 కాంతి సంవత్సరాలు. కాబట్టి 3.26 ను 0.286 తో భాగిస్తే మీరడిగిన పదకొండు చిల్లర కాంతి సంవత్సరాలు వస్తాయి. బెస్సెల్ చుక్క కోణాన్ని విడిగా కొలవలేదు, పక్కనే కనిపించే మసక చుక్కలతో పోల్చి చూశాడు. కొబ్బరిచెట్టు వెనకాల చాలా దూరంలో సెల్ టవర్ ఉంటే, మీరు నడిచిన కొద్దీ చెట్టు టవర్ మీదుగా జరిగినట్టు కనిపిస్తుంది చూడండి, అదే కిటుకు.

భూమ్మీద నుంచి చూస్తే గాలి చుక్క వెలుగును ఒకటి రెండు ఆర్క్ సెకన్ల మేర అలికేస్తుంది. అందుకే ఈ పని అంతరిక్షానికి మారింది. 2013 డిసెంబరులో వెళ్లిన గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా చుక్కల పారలాక్స్ కొలిచింది.

ప్రశ్న: గెలాక్సీలు ఇంకా దూరం కదా. అక్కడ కోణం పనిచేస్తుందా?
– అధ్యాపకురాలు, భీమవరం

జవాబు: పనిచేయదు. అక్కడ వెలుగే ఆధారం. రాత్రి చెరువు గట్టు మీద బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, కంటికి ఎంత మసగ్గా కనిపిస్తోందన్నదాన్ని బట్టి దూరం చెప్పొచ్చు. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతవుతుంది. చిక్కల్లా ‘వాట్లు’ తెలుసుకోవడమే. 1912లో హెన్రియెటా లీవిట్ అనే ఖగోళవేత్త ఆ దారి చూపింది. సెఫీడ్ అనే రకం చుక్కల వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గుతుంటుంది. ఒకసారి పెరిగి తగ్గడానికి పట్టే కాలం (ఆవర్తన కాలం) ఎంత ఎక్కువైతే చుక్క అసలు వెలుగు అంత ఎక్కువ.

1923లో హబుల్ ఆండ్రోమెడా గెలాక్సీలో సెఫీడ్‌ను పట్టుకుని దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని లెక్కగట్టాడు. ఇప్పటి లెక్క 25 లక్షలు. కొలత కన్నా పోలిక దెబ్బతీసింది. సెఫీడ్‌లలో రెండు జాతులున్నాయనీ, ఒకే ఆవర్తన కాలానికి వాటి వెలుగులు వేరనీ 1952లో బాడే తేల్చాకగానీ లెక్క సరిపడలేదు. దారిలో అడ్డొచ్చే ధూళి ఇంకో బాధ. అది చుక్కను మసకబరిచి, ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది.

ఈ రకానికి పేరిచ్చిన డెల్టా సెఫై మీ డాబా మీంచే కనిపిస్తుంది. కార్తీకమాసంలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఉత్తరాన, దాదాపు 48 డిగ్రీల ఎత్తున వెతకండి. చేయి చాచి పట్టిన పిడికిలి 10 డిగ్రీలు. పక్కన జీటా (3.4 మాగ్నిట్యూడ్), ఎప్సిలాన్ (4.2) ఉంటాయి, మూడూ కలిసి చిన్న ముక్కోణం. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు అంకె, అది పెరిగిన కొద్దీ చుక్క మసక. డెల్టా వెలుగు జీటా నుంచి ఎప్సిలాన్ వైపు పావు వంతు దిగిందనిపిస్తే 3.6 అని, టైముతో సహా రాసుకోండి. రెండు మూడు వారాల అంకెలను గ్రాఫు మీద పెడితే, 5 రోజుల 9 గంటలకోసారి చకచకా పెరిగి నిదానంగా తగ్గడం కనిపిస్తుంది. జీటా నారింజ రంగు చుక్క. అదేపనిగా చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగున్నట్టు భ్రమ కలుగుతుంది, కాబట్టి చూపు మార్చిమార్చి చూడాలి. రొయ్యల చెరువుల లైట్లు కళ్లలో పడితే మళ్లీ ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చోక తప్పదు.

ప్రశ్న: రాత్రి గంట గడిచేసరికి టెలిస్కోపు అద్దం చెమ్మగిల్లుతోంది. తుడవొచ్చా?
– పాఠకుడు, అమలాపురం

జవాబు: వద్దు, గీతలు పడతాయి. నల్ల కాగితం అట్టతో గొట్టం చుట్టి ముందు తొడగండి, పొడవు అద్దం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. అప్పటికే చెమ్మ చేరితే హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి దూరం నుంచి ఊదండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే మాత్రం ఏ అట్టా కాపాడదు. ఇక చుక్కల వెలుగు కొలిచేటప్పుడు, ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తు కన్నా కింద ఉన్నవాటిని వదిలేయండి. ఆ ఎత్తులోనే నడినెత్తి కన్నా రెండింతల గాలి అడ్డం ఉంటుంది. అగస్త్య నక్షత్రం కోనసీమలో 21 డిగ్రీలు దాటి పైకి రాదు. చూడ్డానికి ముచ్చటే గానీ వెలుగు కొలతకు పనికిరాదు.

ప్రశ్న: రెడ్‌షిఫ్ట్ అంటే గెలాక్సీ ఎర్రగా కనిపించడమా?
– ఇంటర్ విద్యార్థిని, యానాం

జవాబు: కాదు. వెలుగును పట్టకం లాంటి దానితో విడదీస్తే వర్ణపటంలో గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో వరస. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు జాన్సెన్ అనే ఫ్రెంచ్ ఖగోళవేత్త గుంటూరులో సూర్యుడి అంచు వెలుగును అలా విడదీసి చూశాడు. హీలియం కథకు మొదలు ఆ గ్రహణమే. రెడ్‌షిఫ్ట్‌లో గీతల వరస మొత్తం పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. గెలాక్సీ ఎంత దూరమైతే ఈ జరుగుడు అంత ఎక్కువ. ఎంత జరిగిందో చెప్పడానికి, తెలిసిన వాయువున్న దీపం వర్ణపటాన్నీ పక్కనే తీస్తారు.

1963లో మార్టెన్ ష్మిట్ 3సీ 273 అనే చుక్కలాంటి వస్తువులో ఈ వరసను గుర్తుపట్టాడు. 486 నానోమీటర్ల దగ్గరుండాల్సిన హైడ్రోజన్ గీత 563 దగ్గరుంది. అంటే 0.158 వంతు జరుగుడు, 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరం. హైడ్రోజన్ ఎర్రగీత 656 నుంచి 760 కి జరిగింది గానీ, మన గాలిలోని ఆక్సిజన్ వెలుగును మింగేసేదీ సరిగ్గా అక్కడే.