పళ్ల సెట్టు సంగతి తర్వాత, ముందు అంగిలి మీది పుండు చూపించండి

ప్రశ్న: మా అమ్మ వయసు 61 ఏళ్లు. పై పళ్లన్నీ పోయాయి, కింద ముందు పళ్లు 6 మాత్రమే మిగిలాయి. ఆరేళ్ల కిందట కట్టించిన పై సెట్టు గుచ్చుకుంటోందని మూడు నెలలుగా వేసుకోవడం లేదు. అంగిలి మీద చిన్న పుండు పడింది, అది ఇంకా ఉంది కానీ నొప్పి లేదంటోంది. కింది పళ్లు సలిపినప్పుడు మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్లలు తెప్పించుకుంటుంది. షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతోంది. జావ, చారన్నం తప్ప ఏమీ తినడం లేదు, బాగా చిక్కిపోయింది. పెళ్లిళ్లకు రమ్మంటే రాదు, నలుగురిలో మాట్లాడదు. చుట్ట అలవాటు ఉంది, ఈ మధ్య తగ్గించింది. ఈ వయసులో ఇంప్లాంట్లు వేయించవచ్చా? ఎంత ఖర్చవుతుంది?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మీరు ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్ల వేర్లు) గురించి అడిగారు. నన్ను కలవరపెట్టినది మాత్రం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ పుండు. సెట్టు ఒరుసుకొని పడిన పుండు అయితే, సెట్టు తీసేసిన రెండు వారాల్లో సాధారణంగా మానిపోవాలి. మీ అమ్మగారు సెట్టు పక్కన పెట్టి మూడు నెలలయినా అది మానలేదు, పైగా నొప్పి లేదు. నొప్పి లేకపోవడాన్ని మీరు మంచి లక్షణంగా తీసుకున్నట్టున్నారు. నోటిలో మానని పుండు విషయంలో అలా తీసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ప్రమాదకరమైన మార్పులు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు.

చుట్ట ఎలా తాగుతారో మీరు రాయలేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆ వయసు ఆడవారికి ఉండేది ఎక్కువగా అడ్డపొగ అలవాటు కాబట్టి అదే అనుకొని జవాబిస్తున్నాను. నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకొని తాగేటప్పుడు ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. ఏళ్ల తరబడి తాగినవారిలో అక్కడ తెల్లని మచ్చలు, వాటి మధ్య ఎర్రని చుక్కలు కనిపిస్తాయి, కొందరిలో రంగు పోయి పాలిపోతుంది, కొందరిలో అది అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. మీ అమ్మగారికి ఉన్నది అదేనని నేను చెప్పడం లేదు, చూడకుండా ఏ డాక్టరూ చెప్పకూడదు. కానీ ముక్క తీసి పరీక్ష చేయకుండా అది కాదని కూడా ఎవరూ చెప్పలేరు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందనే మాట ఊళ్లలో బలంగా ఉంది. ఆ భయం పెట్టుకోకండి, నోటి పుండు నుంచి పరీక్ష కోసం చిన్న ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు.

కొంతకాలం కిందట ఒకావిడ మా ఓపీకి వచ్చారు. మాట్లాడినంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకొనే ఉన్నారు. సెట్టు గుచ్చుకుంటోందంటే ఇంట్లోవాళ్లు ఆకురాయితో దాని అంచు అరగదీశారట, తగ్గకపోతే మళ్లీ అరగదీశారట. ఆ సెట్టు నా చేతిలో పెట్టినప్పుడు ఒక పక్క అంచు కాగితమంత పలచగా ఉంది. పుండు మాత్రం ఆ అంచు తగిలే చోట లేనే లేదు, అంగిలి నడుమ ఉంది. అప్పటికి ఎనిమిది నెలలయింది. నెల లోపల వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదేమో, ఆవిడకు పెద్ద ఆపరేషన్ అవసరమైంది. సెట్టు ఉన్నవాళ్లకు ఈ ఆలస్యం సులభంగా జరిగిపోతుంది, ఎందుకంటే నోటిలో ఏం జరిగినా నింద సెట్టు మీద పడుతుంది.

కాబట్టి ఈ వారమే నోటి వ్యాధుల నిపుణుడికి గానీ, ఓరల్ సర్జన్‌కు గానీ చూపించండి. మీకు దగ్గరలో ఎవరూ లేకపోతే విశాఖపట్నంలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తీసుకువెళ్లండి. క్యాన్సర్ అని తేలితే అదే విశాఖలో అగనంపూడి వద్ద హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే వెంట ఉంచుకొని, ఏయే చికిత్స అందులోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. అడ్డపొగ తగ్గించడం చాలదు, పూర్తిగా మానాలి.

ఇక నొప్పి బిళ్లలు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉంటూ, షుగర్ ఉన్న మనిషికి, పేరు కూడా తెలియని నొప్పి బిళ్లలను షాపు నుంచి తెచ్చి ఇస్తున్నారంటే నాకు బాధగా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎందుకు ఇంతగా వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, కానీ దెబ్బతిన్న కిడ్నీల మీద డైక్లోఫినాక్ వంటి బిళ్లలు మరింత భారం వేస్తాయన్నది మాత్రం తేలిన విషయం. పైగా ఆ బిళ్ల పంటి నొప్పిని కప్పిపెడుతుందే తప్ప, పంటి కింద చీమును గానీ చిగుళ్ల జబ్బును గానీ పోగొట్టదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించండి, ఫలితం వచ్చేదాకా డాక్టరు రాయని నొప్పి బిళ్ల ఏదీ ఇవ్వకండి. కిడ్నీ సమస్య బయటపడితే, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే.

షుగర్ మాత్ర గురించి కూడా ఒక హెచ్చరిక. గ్లిమిపిరైడ్ వేసుకొని, నమలలేక రెండు గుక్కల జావతో సరిపెట్టుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం ఎప్పుడైనా వచ్చాయేమో అడగండి. అలాగని మాత్రను మీరే ఆపకండి, తిండి తగ్గిందని, మనిషి చిక్కిందని షుగర్ డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించండి. చిగుళ్ల జబ్బు షుగర్‌ను పెంచుతుంది, పెరిగిన షుగర్ చిగుళ్లను ఇంకా చెడగొడుతుంది. అందువల్ల మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అవసరం.

మీ అమ్మగారు పెళ్లిళ్లకు రావడం లేదని, నలుగురిలో మాట్లాడటం లేదని రాశారు. దీన్ని పంతంగానో వయసు తెచ్చిన మార్పుగానో తీసుకోకండి. పై పళ్లు లేకపోతే ‘త’, ‘ద’, ‘స’ సరిగ్గా పలకవు, బుగ్గలు లోపలికి పోతాయి, పై పెదవి ముడుచుకుపోతుంది. పంక్తిలో కూర్చుంటే ముద్ద మింగడానికి పక్కవారి కన్నా రెట్టింపు సమయం పడుతుంది, అందరూ లేచిపోతుంటే తన విస్తరి సగం కూడా కాదు. అది నామోషీగా తోచి ఇంట్లో ఉండిపోతారు, ఇంట్లోనూ ఒంటరిగా తినడం మొదలుపెడతారు. నోటిలో కనీసం 20 పళ్లు పనిచేస్తుంటేనే మామూలు తిండి తినగలరని దంత వైద్యంలో ఒక లెక్క ఉంది, మీ అమ్మగారికి ఉన్నవి 6, అందులో నమిలే దవడ పన్ను ఒక్కటీ లేదు. కూరలు, పప్పులు, మాంసం మానేసి గంజి మీద బతికితే మనిషి చిక్కక తప్పదు. అయితే చిక్కడానికి కారణం పళ్లే అని ముందే తీర్మానించుకోకండి, పుండు పరీక్ష ఫలితం చూశాకే ఆ మాట అనాలి.

మీ అసలు ప్రశ్నకు వస్తే, ఇంప్లాంట్లకు 61 ఏళ్లు అడ్డు కాదు. అదుపులో లేని షుగర్, పొగ అడ్డు. పైన సెట్టు, కింద ముందు పళ్లు మాత్రమే ఉన్నప్పుడు ఆ కింది పళ్లు సెట్టు ముందు భాగాన్ని అదే పనిగా పొడిచి అక్కడి ఎముకను కరిగిస్తాయి, మీరు కట్టించిన సెట్టు వదులై గుచ్చుకోవడానికి బహుశా అదొక కారణం. కాబట్టి కింద దవడ పళ్ల చోటు ఖాళీగా వదిలి పైన మాత్రమే కొత్త సెట్టు చేయిస్తే మళ్లీ ఇదే కథ. ఆ 6 పళ్లు నిలుస్తాయో లేదో ఎక్స్‌రే చూసి తేల్చాలి. తీసేయవలసి వస్తే కింది దవడలో 2 ఇంప్లాంట్లు వేసి వాటికి సెట్టు తగిలించే పద్ధతి ఉంది, మామూలు కింది సెట్టు కదిలినంతగా అది కదలదు. ఖర్చు అంకె మాత్రం ఎముక ఎంత మిగిలిందో చూడకుండా చెప్పడం సరికాదు, ఫోనులో చెప్పేవారిని నమ్మకండి. పుండు సంగతి తేలేవరకు ఎవరికీ అడ్వాన్సు కట్టకండి.

ఈలోగా మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు, పెరుగు, ముళ్లు తీసిన చేప, గుజ్జుగా ఉడికించిన ఆకుకూర పెట్టండి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ అదొక్కటే చాలదు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పాత సెట్టును నీళ్లు పోసిన డబ్బాలో వేసి వెంట పట్టుకెళ్లండి. దాన్ని అంగిలికి పెట్టి చూస్తే, పుండు అంచు తగిలే చోట ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.